ఊరిగాం పిన్‌కోడు

మాధవ బెంగళూరులో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా. ఇల్లు మాత్రం కోలారు బంగారు గనుల ఊరైన కేజీఎఫ్‌లో, ఊరిగాం స్టేషన్‌కి నడిచిపోయేంత దూరంలో. పద్దెనిమిదేళ్లుగా పొద్దున్న రైలెక్కి వెళ్తాడు, చీకటిపడ్డాక దిగుతాడు. గనులు మూసేశాక ఆ ఊళ్లో సగంమంది బతుకు అదే. అతని తండ్రి గనిలో టైమాఫీసు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. గని తన ఇంటికి పది నిమిషాల దూరంలో ఉండేదని ఆయన పోయేదాకా చెబుతూనే ఉండేవాడు.

మాధవకి మిరాన్ కంపెనీ ఫోను లేదు. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే తరవాత కంపెనీవాళ్లు కూడా నమ్మలేదు.

ఒక దసరాకి, ఊళ్లో బజారుండే రాబర్ట్‌సన్‌పేటలో ఒక అంగడివాడు మిరాన్ ఫోను కొంటే మిక్సీ ఉచితం అన్నాడు. ఊరిగాంలోనూ చుట్టుపక్కల పాత గని కార్మికుల ఇళ్ల లైన్లలోనూ మిక్సీ లేని ఇళ్లు చాలా ఉండేవి. జనం మిక్సీలు తెచ్చుకున్నారు, వాటితోపాటు ఫోన్లూ వచ్చాయి. ఉగాదికల్లా అంగడివాడు ఫోన్ల వ్యాపారం మానేసి సోఫాలు పెట్టాడు. మిక్సీలు ఇప్పటికీ బాగా తిరుగుతున్నాయి. ఫోన్లు మాత్రం ఒక్కొక్కటే మొరాయించడం మొదలుపెట్టాయి.

గ్యారంటీ ఉన్నంతకాలం మిరాన్ ఫోనుని మిరాన్ సొంత షాపులోనే విప్పాలి. ఆ షాపు బెంగళూరులో ఉంది. రాబర్ట్‌సన్‌పేటలో ముప్పయ్యేళ్లుగా రేడియోలూ టీవీలూ తరవాత ఫోన్లూ బాగుచేస్తున్న గుండప్ప ఒక మిరాన్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని మరలకి అయిదు మూలలున్నాయి. తన దగ్గర నూరు రకాల స్క్రూడ్రైవర్లు ఉన్నాయనీ, ఇది లేదనీ చెప్పి తిరిగిచ్చేశాడు.

మొదట ఫోను తెచ్చి ఇచ్చినవాడు ఎదురింటి డ్రిల్ మాస్టరు. "ఎట్లాగూ పోతా ఉండావు కదప్పా" అన్నాడు. మాధవ దాన్ని తీసుకెళ్లి, మధ్యాహ్నం అన్నం వేళ షాపులో ఇచ్చి, నాలుగు రోజులకి తెచ్చిపెట్టాడు. డ్రిల్ మాస్టరు మంచివాడు. మాధవ చేసిన సాయం గురించి వీధి వీధంతా చెప్పాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. మరుసటి వారం ముగ్గురొచ్చారు. ఆర్నెల్లకి, పొద్దున్నే ఊరిగాం ప్లాట్‌ఫారం మీద అతని కోసం నిలబడేవాళ్లు రైలు కోసం నిలబడేవాళ్లకంటే ఎక్కువయ్యారు. అందరూ అదే మాట అన్నారు: ఎట్లాగూ పోతావు కదా. పోయే మాట నిజం కాబట్టి అతను ఫోను అందుకునేవాడు.

భార్య ప్రేమ హైస్కూలు టీచరు. ఎవరి ఫోను ఎవరిదో కలిసిపోతోందని పన్నెండు జేబులున్న గుడ్డసంచి ఒకటి కుట్టి, జేబుకొక చీటీ తగిలించింది. ఒక్కసారి కాదని చెప్పి చూడమని కూడా చెప్పింది. ఎవరికి చెప్పాలో ఆలోచిస్తూ మాధవ రెండేళ్లు గడిపాడు.

షాపుకో పద్ధతి ఉండేది. ఫోను తీసుకున్నప్పుడు సొంతదారు నంబరుకి నాలుగంకెల కోడ్ పంపుతారు, అది చెబితేనే రశీదు ఇస్తారు. కోడ్ వచ్చే సిమ్ము చెడిపోయిన ఫోన్లోనే ఉండేది. కొన్నాళ్లకి జనం తెలివి తెచ్చుకుని సిమ్ము తీసి ఇంట్లో ఇంకో ఫోన్లో వేసుకుని, కోడ్ రాగానే మాధవకి ఫోన్ చేసి చెప్పడం నేర్చుకున్నారు. కొంతమంది కోడ్ ఆలస్యంగా చూసుకుని సాయంత్రం చెప్పేవాళ్లు. మాధవ ఆఫీసులో కూర్చుని రోజంతా ఎవరెవరో చెప్పే అంకెలు కాగితం మీద రాసుకుంటుంటే, పై అధికారి ఒకరోజు తలుపు మూసి కూర్చోబెట్టి, మట్కా జూదం వ్యవహారం ఏమైనా ఉంటే ఇప్పుడే మానుకొమ్మని నెమ్మదిగా చెప్పాడు.

అప్పుడు మాధవ కంపెనీకి ఉత్తరం రాశాడు. కేజీఎఫ్‌లో షాపు పెట్టమని ఇంగ్లీషులో ఒకటి, జవాబు రాకపోతే కన్నడంలో ఇంకొకటి. మీ అభిప్రాయం మాకు అమూల్యమని జవాబొచ్చింది. కంపెనీ వెబ్‌సైటులో 'మీకు దగ్గరలో మా షాపు కావాలా?' అని ఒక పేజీ ఉండేది. ఊరి పేర్ల పట్టీలో కోలారు ఉంది, కేజీఎఫ్ లేదు. కోలారు అని పెట్టి, కింద ఖాళీలో కేజీఎఫ్ అని రాశాడు. ఆ రోజునుంచి అతనికి మిరాన్ కొత్త ఫోన్ల ప్రకటనలు రోజుకి రెండు చొప్పున రాసాగాయి.

*

లైన్లలో ఉండే లక్ష్మీదేవమ్మ ఫోను పాడవడం ఆ ఏడు ఆషాఢంలో జరిగింది. ఆమెకి అరవై ఎనిమిదేళ్లు. భర్త మారప్ప చాంపియన్ రీఫ్ గనిలో లోపలి పని చేసి, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. చెల్లెలు గంగులమ్మది ఆంధ్రా సరిహద్దులో ఉన్న నంగలి. అక్కచెల్లెళ్లిద్దరూ రోజూ పదకొండు గంటలకి వీడియో కాల్ పెట్టుకుని, ఫోన్లని డబ్బాలకి ఆనించి, ఎవరి వంట వాళ్లు చేసుకునేవాళ్లు. మాటలు తక్కువ. ఏం కూర అని అడగాల్సిన పని కూడా లేదు, కనిపిస్తూనే ఉంటుంది. సంగటి దించాక కాల్ కట్ చేసేవాళ్లు. అలా రెండేళ్లు నడిచింది.

ఒక పొద్దున ఫోను తెర నల్లబడింది. మాట వినిపించేది, మనిషి కనిపించేది కాదు. మాట వినిపిస్తోంది కదా, నాలుగు రోజులు సర్దుకొమ్మని మాధవ అన్నాడు.

"గొంతు వింటే ఏం తెలుస్తుందప్పా? అది బాగుండాను అనే అంటాది. మొగం చూడాల" అంది లక్ష్మీదేవమ్మ.

మాధవ ఫోను తీసుకెళ్లి తిరిగి తెచ్చేశాడు. ఆమె మనవరాలు దానికి మొహం చూపిస్తే తెరుచుకునే తాళం పెట్టి వెళ్లింది. ఆ తాళం తీయకుండా పని చెయ్యలేమనీ, సొంతదారు మొహంతోనే రావాలనీ షాపువాళ్లు అన్నారు. లక్ష్మీదేవమ్మ ఆలోచించుకోవడానికి వారం టైము అడిగింది. ఆ వారంలో, ఫోను లేకపోతే బస్సు లేదా అని, ముళబాగిలు మీదుగా నంగలి వెళ్లింది. ఆరేళ్ల తరవాత చెల్లెలింటికి పోవడం. పది రోజులుందామని బట్టలు సర్దుకుపోయిన మనిషి మూడోరోజే తిరిగొచ్చింది. ఉలవచారులో తెల్లగడ్డ, అంటే వెల్లుల్లి, వేసే విషయంలో ఇద్దరికీ మాటామాటా వచ్చింది. గంగులమ్మ తెల్లగడ్డ వేయడం ఆమె ఫోన్లో రెండేళ్లుగా చూస్తూనే ఉంది. ఫోన్లో వాసన రాదు కాబట్టి ఏమీ అనలేదు.

తిరిగొచ్చిన సాయంత్రమే మాధవ ఇంటికొచ్చి చెప్పింది. "నా మొగమే కావాల అంటే నేనే వస్తా. దానితో ఫోన్లో మాట్లాడేదే మేలు."

ఆమె అంతకుముందు బెంగళూరు రెండుసార్లు చూసింది, రెండుసార్లూ మారప్పని ఆస్పత్రికి తీసుకుపోయినప్పుడు. రైల్లో ఆ మాట ఒక్కసారి అంది, మళ్లీ ఎత్తలేదు. కిటికీ పక్కన కూర్చుని బంగారుపేట దాటేదాకా బంగారం తీయగా మిగిలిన సయనైడ్ మట్టిగుట్టల వైపు, దాటాక మామిడితోటల వైపు చూసింది. మాధవ పన్నెండు జేబుల సంచి ఒళ్లో పెట్టుకుని కునుకు తీశాడు. ఆరోజు ఆఫీసుకి అరపూట సెలవు పెట్టాడు.

మిరాన్ షాపు అంతా అద్దాలే. కౌంటరు లేదు, బెంచీ లేదు. పొడుగాటి బల్లల మీద ఫోన్లు పెట్టి ఉన్నాయి, నీలం చొక్కాల పిల్లలు వాటి మధ్య నిలబడి ఉన్నారు. కొనడానికి వచ్చినవాళ్లూ నిలబడే ఉన్నారు. లక్ష్మీదేవమ్మ చుట్టూ చూసి, ఒక బల్ల మీద ఫోన్లని జాగ్రత్తగా ఒక పక్కకి జరిపి, ఆ ఖాళీలో కూర్చుంది. అది చూసి మేనేజరు పరుగెత్తుకొచ్చింది. ఆమె పేరు శ్రీరక్ష, ఆ షాపుకి కొత్త. ముళబాగిలు దగ్గర తాయలూరు పిల్ల. లేవండి అని చెప్పడానికి వచ్చింది కానీ, ముసలామె ముఖం చూసి, లోపలినుంచి స్టూలు తెప్పించి, తెలుగులోనే మాట్లాడింది.

తాళం తీయడం ఒక నిమిషం పని. ఫోను లక్ష్మీదేవమ్మ ముఖాన్ని గుర్తుపట్టింది. శ్రీరక్ష వివరాలు రాసుకోవడానికి ఊరు అడిగింది.

"ఊరిగాం. కేజీఎఫ్" అంది లక్ష్మీదేవమ్మ.

శ్రీరక్ష కంప్యూటర్లో ఏదో కొట్టి, కొంచెం ఆశ్చర్యంగా చూసింది. "కేజీఎఫ్ నుంచి మా దగ్గరికి ఎవురూ రాలేదమ్మా ఇంతదాకా. మీరే మొదలు."

పక్కనే నిలబడ్డ మాధవ అది పొరపాటు అన్నాడు. తానొక్కడే నూరుకు పైగా తెచ్చానన్నాడు. శ్రీరక్ష అతని పేరు అడిగి వెతికి, తెర అతనివైపు తిప్పింది. నూటముప్పై ఏడు ఫోన్లు. అన్నీ మాధవ పేరు మీదే. అన్నిటికీ అడ్రసు ఒకటే, అతని ఆఫీసుది. మొదటిరోజు డ్రిల్ మాస్టరు ఫోనుని షాపులో ఇచ్చినప్పుడు, బాగయ్యాక కబురు తొందరగా అందుతుందని ఆఫీసు అడ్రసు రాయించాడు. ఆ తరవాత ఎవరూ మళ్లీ అడగలేదు. సొంతదారు నంబరు కోడ్ పంపడానికే. తెచ్చినవాడిగా అతని నంబరు కొడితే ఆ అడ్రసే వచ్చి కూర్చునేది.

"మా పైవాళ్లకి ఈ లెక్క పోతాది సార్" అంది శ్రీరక్ష. "మీ ఆఫీసు ఉండే వీధిలో ఇంతమంది మిరాన్ కస్టమర్లు ఉండారని వాళ్లు చూసినారు. దాంతో అక్కడే ఇంగొక షాపు తెరుస్తా ఉండారు. వచ్చే నెల."

మాధవ ఆఫీసుకి ఎదురుగా ఒక కట్టడం రెండు నెలలుగా నీలం గుడ్డ కప్పుకుని ఉంది. అది దేనికోసమో అని అతను రోజూ టీ తాగుతూ అనుకునేవాడు. ఇప్పుడు తెలిసింది. కేజీఎఫ్‌కి షాపు కావాలని ఉత్తరాలు రాసిన మనిషి, బెంగళూరులో తన కుర్చీకి ఎదురుగా రెండో షాపు తెప్పించుకున్నాడు.

లక్ష్మీదేవమ్మ ఏమైందని అడిగితే విడమరిచి చెప్పాడు. ఆమె అంతా విని శ్రీరక్ష వైపు తిరిగింది.

"మా ఊర్లో కరెంటు లైటు వెలిగిన మూడేండ్లకి ఈ బెంగళూర్లో వెలిగింది. మా ఆయన చెప్పేవాడు. అప్పుటి దొరలకి మా ఊరు యాడుందో తెలిసింది. మీ కంపెనీకి తెలీదా అమ్మా?"

"కంపెనీకి తెలిసేది ఈ కంప్యూటరే అవ్వా" అంది శ్రీరక్ష. "ఉత్తరాలు ఎవురూ చదవరు. మీ ఊరి పిన్‌కోడు దీంట్లో పడాల. ఎవురి ఫోను వాళ్లు తెచ్చి, ఎవురి అడ్రసు వాళ్లు చెప్పాల. అదొక్కటే దావ."

మాధవ సంచిలో ఆరోజు తెచ్చిన తొమ్మిది ఫోన్లున్నాయి. వాటిని ఇవ్వకుండా వెనక్కి తీసుకుపోయాడు.

*

మరునాడు ప్లాట్‌ఫారం మీద మాధవ పద్దెనిమిదేళ్లలో మొదటిసారి కాదని చెప్పాడు. ఫోన్లు ఇకమీద తేననీ, ఎవరిది వాళ్లే తీసుకురావాలనీ, కారణం ఇదనీ వివరించాడు. పిన్‌కోడు సంగతి ఎవరికీ ఎక్కలేదు. బెంగళూరులో కూర్చుని పెద్దవాడైపోయాడని కొందరన్నారు. డ్రిల్ మాస్టరు నాలుగు రోజులు తలుపు తీయలేదు. మాధవకి అన్నం సయించలేదు. కాదనడం ఇంత కష్టమని తెలిసే ఇన్నేళ్లు వాయిదా వేశానని ప్రేమతో అన్నాడు. ప్రేమ ఆ తొమ్మిది ఫోన్లూ ఇంటింటికీ తిరిగి తానే ఇచ్చొచ్చింది.

పని నడిపించింది లక్ష్మీదేవమ్మ. ఆమె పిన్‌కోడు ఊసే ఎత్తలేదు. లైన్లలో ప్రతి గుమ్మంలో నిలబడి, బెంగళూరులో ఒక కంపెనీవాళ్లు కేజీఎఫ్ అనే ఊరే లేదంటున్నారని చెప్పింది. అది సరిగ్గా నిజం కాదని మాధవకి తెలుసు. కానీ గనులు మూసేసిన నాటినుంచి ఆ మాట వినడానికి భయపడుతున్న ఊరది. సాయంత్రానికి జనం ఎప్పుడు పోదామని అడగడానికి మాధవ ఇంటికే వచ్చారు.

రెండో శనివారం అరవై ఒక్కమంది రైలెక్కారు. చిత్రాన్నం, పెరుగన్నం, నీళ్ల సీసాలు, ఒక చాప. అరవై ఒక్కమందిలో ఫోను నిజంగా చెడిపోయినవాళ్లు ఇరవై ఇద్దరు. మిగిలినవాళ్లు ఉన్న ఊరిని ఉందని చెప్పడానికి వచ్చారు. గుండప్పకి మిరాన్ ఫోనే లేదు. ఆ అయిదు మూలల స్క్రూడ్రైవరు కళ్లతో చూడాలని వచ్చాడు.

షాపు తెరిచేటప్పటికి వాకిట్లో వరుస కట్టి ఉన్నారు. గనిలో షిఫ్టుకి దిగే అలవాటున్న ముసలివాళ్లు కాబట్టి వరుస చెడలేదు. మాధవ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ చెప్పాడు, అడ్రసు మీదే చెప్పండి, నాది వద్దు అని. చెడనిది ఎందుకు తెచ్చారని ఒక నీలంచొక్కా పిల్లవాడు అడిగితే, చెడిందో లేదో మీరే చూసి చెప్పాలని ఒకాయన అన్నాడు. మధ్యాహ్నం రెండింటికి టోకెన్ యంత్రంలో కాగితం అయిపోయింది. శ్రీరక్ష తెల్లకాగితం చింపి అంకెలు రాసిచ్చింది. ఊరిగాం పిన్‌కోడు ఆమె చేతివేళ్లకి ఎంత అలవాటైందంటే, సాయంత్రం బెంగళూరులోనే కోరమంగళ నుంచి వచ్చిన ఒకతనికి కూడా అదే కొట్టింది. గుండప్పకి లోపలి గదిలో స్క్రూడ్రైవరు చూపించారు. చేత్తో పట్టుకుని, వెలుతురులో తిప్పి, బాగుందని చెప్పి ఇచ్చేశాడు.

*

నాలుగు నెలలకి కంపెనీ తరపున అనంత్ అనే ఆఫీసరు వచ్చాడు. మర్యాదస్తుడు. మాధవకి మిరాన్ ఫోను లేదంటే మాత్రం నమ్మలేదు. మాధవ ఇంట్లో కాఫీ తాగి, కేజీఎఫ్ పిన్‌కోడులో కస్టమర్లు ఒక్కరోజులో ఒక్కరినుంచి అరవైకి పెరిగారనీ, కంపెనీ చరిత్రలో ఇంత వేగంగా పెరిగిన ఊరు ఇంకోటి లేదనీ చెప్పాడు. అది చూసే షాపు ఇస్తున్నామన్నాడు. బంగారుపేటలో.

మాధవ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. మేము అడిగింది కేజీఎఫ్‌లో అన్నాడు. అనంత్ ఫోన్లో మ్యాపు తెరిచి, బంగారుపేట చుట్టూ గీసిన గుండ్రటి గీత చూపించాడు. ఊరిగాం ఆ గీత లోపలే ఉంది. జంక్షను కాబట్టి నాలుగు దిక్కులనుంచీ జనం వస్తారన్నాడు. మాధవ లక్ష్మీదేవమ్మని పిలిపించి అడిగాడు.

"బస్సులో అరగంట. పోనీలేప్పా" అందామె. "గని మూసినప్పుడు మాతో ఎవురైనా అడిగినారా? వీళ్లు వచ్చి చెప్పినారు కదా."

షాపు సంక్రాంతి పోయాక తెరిచారు, బంగారుపేట మార్కెట్ దగ్గర, ఒక బట్టలకొట్టు పైన. మాధవ సెలవు పెట్టుకుని వెళ్లాడు. రిబ్బను లక్ష్మీదేవమ్మ చేత కత్తిరించారు. ఆమె వెంటనే అక్కడినుంచే నంగలికి వీడియో కాల్ పెట్టి, షాపంతా చెల్లెలికి తిప్పి చూపించింది. తెల్లగడ్డ సంగతి ఎవరూ ఎత్తలేదు. విప్పి బాగుచెయ్యడానికి కంపెనీవాళ్లు గుండప్పని పెట్టుకున్నారు. యాభై ఏడేళ్ల వయసులో అతను నీలం చొక్కా వేసుకుని, జేబుమీద తన పేరు ఇంగ్లీషులో ఉందని అందరికీ చూపించాడు. పది నిమిషాల్లో అయ్యే పనికి ఇప్పుడు మూడు ఫారాలు నింపాల్సి వస్తోందని మాధవతో ఒక్కడితో చెప్పుకున్నాడు.

ఆ రోజు అనంత్ కోరితే మాధవ నాలుగు మాటలు మాట్లాడాల్సి వచ్చింది. కాగితం మీద రాసుకొచ్చాడు. సగం చదివాక కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. ఎందుకు ఆపేశాడో అతనికి తెలియలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. డ్రిల్ మాస్టరు గట్టిగా కొట్టాడు.

అతని ఆఫీసుకి ఎదురుగా తెరిచిన షాపు ఎనిమిది నెలలు నడిచి మూతపడింది. ఆ వీధిలో అనుకున్నంతమంది కస్టమర్లు ఎందుకు రాలేదో కంపెనీవాళ్లకి అంతు పట్టలేదని శ్రీరక్ష చెప్పింది.

బంగారుపేట షాపు పది గంటలకి తెరిచి ఆరింటికి మూస్తారు. మాధవ రైలు ఆ ఊరు దాటేది పొద్దున ఏడింటికి, తిరిగి రాత్రి ఎనిమిదింటికి. కాబట్టి ప్రారంభం రోజు తప్ప, పనిరోజుల్లో అతను ఆ షాపుని తెరిచి ఉండగా చూడడు. షాపు వచ్చేదాకా జనం తమ ఫోన్లు తామే పట్టుకుని అతనితోపాటు అదే రైలెక్కేవాళ్లు, ఇప్పుడు ఎక్కడం లేదు. మొదటివారం రైల్లో హాయిగా నిద్రపోయాడు. రెండోవారం నిద్ర రాలేదు. ఫోన్లతోపాటు వచ్చే కబుర్లు కూడా ఆగిపోయాయని అప్పుడు గమనించాడు. ఎవరి ఫోను ఎవరు విసిరికొట్టారో, ఎవరింట్లో పిల్ల ఫోను నీళ్లలో వేసిందో, ఎవరికి కొడుకు వారంగా ఫోను చెయ్యలేదో అన్నీ ప్లాట్‌ఫారం మీదే తెలిసేవి. ఇప్పుడవన్నీ గుండప్పకి తెలుస్తున్నాయి. బెంగగా ఉందని చెప్పడానికి సిగ్గేసి, నడుం నొప్పిగా ఉందని ప్రేమతో చెప్పాడు. ఆమె నడుముకి తైలం రాసింది.

అతను ఎక్కే రైలుపెట్టెలో ఎదురుసీట్లలో నలుగురు రోజూ పేకాడుతూ పోయేవాళ్లు. పద్దెనిమిదేళ్లుగా మాధవ వాళ్లని చూస్తున్నాడు, వాళ్లూ అతన్ని చూస్తున్నారు. ఒక సోమవారం వాళ్లలో ఒకాయన బదిలీ అయి వెళ్లిపోయాడు. మాలూరు దాటాక, మిగిలిన ముగ్గురిలో చిన్నన్న అనే ఆయన, సెంట్రల్ టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేవాడు, ఇటు తిరిగి నాలుగో చెయ్యిగా ఆటలో కలుస్తారా అని అడిగాడు.

మాధవ తనకి ఆట రాదన్నాడు. వైట్‌ఫీల్డు వచ్చేలోపల నేర్పిస్తామన్నారు. వైట్‌ఫీల్డు వచ్చింది, దాటింది. అతనికి రాలేదు. రేపు మళ్లీ చూద్దామని చిన్నన్న ముక్కలు సర్దాడు.